హామర్ బయటికి కనపడని చిన్న రివాల్వర్: ఎంచుకోవడం, దగ్గర పెట్టుకోవడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ ఊపందుకుంటే లక్షల్లో నగదు చేతులు మారుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో బంగారం కొట్టువాళ్లు రాత్రి షట్టర్ దించి సరుకుతో ఇంటిదారి పడతారు. భూమి తగాదాల్లో బెదిరింపులు వచ్చి, స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, అయినా నిద్రపట్టని వాళ్లూ రెండు ఊళ్లలో ఉన్నారు. అలాంటివాళ్లు చట్టప్రకారం ఆయుధం తీసుకోవాలని నిర్ణయించుకున్నాక మొదట అడిగేది చొక్కా కింద కనపడకుండా, జేబులో పట్టేంత చిన్న రివాల్వర్ గురించే. ఈ వ్యాసం వాళ్ల కోసం రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. రివాల్వర్ ఎంత చిన్నదైతే దాంతో గురిగా కాల్చడం అంత కష్టం. కొనే ముందు ఈ సంగతి మనసుకు పట్టాలి.

హామర్ లోపల ఎందుకు పెట్టారు

మామూలు రివాల్వర్‌కు వెనక కొక్కెంలా పొడుచుకొచ్చే భాగమే హామర్. దాన్ని బొటనవేలితో వెనక్కి లాగి పెడితే ట్రిగ్గర్ తేలికైపోతుంది, చిన్న ఒత్తిడికే పేలుతుంది. దీన్ని సింగిల్ యాక్షన్ అంటారు. హామర్ ముట్టుకోకుండా ట్రిగ్గర్‌నే పొడవుగా లాగితే హామర్ లేచి తనే పడుతుంది. అది డబుల్ యాక్షన్.

జేబులోంచి తీసేటప్పుడు ఆ కొక్కెం గుడ్డకు తగులుకుంటుంది. హామర్ లేని రివాల్వర్లు పుట్టింది అందుకే. స్మిత్ అండ్ వెసన్ వాళ్లు 1887లోనే పిడి వెనక నొక్కితేనే పేలే ‘సేఫ్టీ హామర్‌లెస్’ తెచ్చారు. ఆ కంపెనీకి నూరేళ్లు నిండిన 1952లో ‘సెంటెన్నియల్’ వచ్చింది. ఇప్పుడు అమెరికాలో ఎక్కువమంది జేబులో పెట్టుకునే 642 మోడల్ దాని వంశమే. అందులో ఐదు తూటాలు పడతాయి, బరువు 400 గ్రాముల పైచిలుకు, గొట్టం రెండంగుళాల కంటే కాస్త తక్కువ. 2009లో రూగర్ కంపెనీ తెచ్చిన ఎల్‌సీఆర్ కూడా ఈ తరహాదే. పేరుకు హామర్ లేదంటారు గానీ, అది ఫ్రేమ్ లోపల దాగి ఉంటుంది.

దీని అసలు ప్రయోజనం గుడ్డకు తగులుకోకపోవడం ఒక్కటే అనుకుంటే సగమే తెలిసినట్టు. బయటికి లేని హామర్‌ను వెనక్కి లాగి పెట్టలేరు. కాబట్టి ప్రతి తూటాకూ ట్రిగ్గర్‌ను పూర్తిగా, గట్టిగా లాగాల్సిందే. దానికి ఐదు కిలోల దాకా ఒత్తిడి కావాలి. చేతులు వణుకుతున్నప్పుడు, గుండె దడదడలాడుతున్నప్పుడు పొరపాటున పేలకుండా కాపాడేది ఆ బరువే. గురి తప్పించేదీ అదే. కొత్తగా పట్టినవాళ్లు ట్రిగ్గర్ లాగే ఊపులో గొట్టాన్ని కిందికి, పక్కకి తోసేస్తారు. ఈ రెండు సంగతుల మధ్య మీరు ఎక్కడ నిలబడతారన్నది సాధన తేలుస్తుంది.

మన చేతికి ఏది వస్తుంది

ఆన్‌లైన్ వీడియోల్లో చూసిన 642 మీకు దొరకదు. అది .38 బోర్. బోర్ అంటే తూటా పట్టే గొట్టం లోపలి కొలత. మన దేశంలో సాధారణ లైసెన్స్‌దారుకి నిషిద్ధ బోర్ ఆయుధాలు ఇవ్వరు. 9 ఎంఎం, .38, .455 రివాల్వర్లు, పిస్టళ్లు ఆ జాబితాలోవే. పైగా 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది. మీకు మిగిలేవి ప్రధానంగా .32, .22 బోర్ రివాల్వర్లు.

కాన్పూర్‌లోని ప్రభుత్వ ఫ్యాక్టరీ 2014లో ‘నిర్భీక్’ తెచ్చింది. టైటానియం మిశ్రమలోహంతో చేసినది, .32 బోర్, ఆరు తూటాలు, బరువు 500 గ్రాములు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ పేరు పెట్టారు. అప్పట్లోనే ధర లక్షా ఇరవై వేలు దాటింది. పశ్చిమ బెంగాల్ ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన ‘నిడర్’ .22 బోర్, 250 గ్రాములు మాత్రమే. 2021 అక్టోబరులో ఆయుధ ఫ్యాక్టరీల బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక, వాటిలో ఒకటైన, కాన్పూర్ కేంద్రంగా ఉన్న ఏడబ్ల్యూఈఐఎల్ (అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్) 2023 ఆగస్టులో ‘ప్రబల్’ విడుదల చేసింది. ఇది 700 గ్రాముల బరువు, 76 మిల్లీమీటర్ల గొట్టం. తూటాలు నింపే సిలిండర్ పక్కకి తెరుచుకుంటుంది. మన దేశంలో తయారైన రివాల్వర్లలో అలా తెరుచుకునేది ఇదే మొదటిది. నిర్భీక్ లాంటివి నడుమ విరిచినట్టు పై నుంచి తెరుచుకుంటాయి, పేలిన తూటాల ఖాళీ గొట్టాలు (కేసులు) వాటంతటవే పైకి వస్తాయి.

నిర్భీక్, ప్రబల్ రెంటికీ హామర్ బయటికే ఉంటుంది. కాబట్టి హామర్‌లెస్ కావాలనుకున్నవాళ్లు ఆ పద్ధతిని తమ చేతికి నేర్పుకోవాలి. నా సలహా ఇది: ఆత్మరక్షణకు పెట్టుకున్న రివాల్వర్‌ను ఎప్పుడూ డబుల్ యాక్షన్‌లోనే కాల్చండి, సాధన కూడా అలాగే చేయండి. హామర్ వెనక్కి లాగి పెట్టి, అవసరం తీరాక దాన్ని మెల్లగా కిందికి దించే ప్రయత్నంలో పేలిన సందర్భాలు ప్రపంచమంతా ఉన్నాయి. ఆ అలవాటే వద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. హామర్ కొక్కెం అడ్డం వస్తోందని ఆటోనగర్‌లో తెలిసిన లేత్ వర్క్‌షాపుకి తీసుకెళ్లి కోయించొద్దు. అక్కడివాళ్ల పనితనం గొప్పదే, కాదనను. కానీ ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మార్చడానికీ, బాగుచేయడానికీ వేరే లైసెన్స్ కావాలి. అది లేనివాడి చేత పని చేయిస్తే ఇద్దరూ చిక్కుల్లో పడతారు. హామర్ బరువు తగ్గితే తూటా మీద దెబ్బ బలహీనపడి, అవసరమైన క్షణంలో పేలకపోనూ వచ్చు.

లైసెన్స్ పని

విజయవాడలో ఉంటే మీ దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కు వెళ్తుంది. గుంటూరులో ఉంటే జిల్లా కలెక్టర్‌కు. రెండు చోట్లా మీ ఏరియా పోలీస్ స్టేషన్ నుంచి విచారణ నివేదిక వెళ్తుంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఫారం ఏ-1 నింపాలి. ఆయుధ లైసెన్సుల ప్రభుత్వ పోర్టల్ ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. మానసిక, శారీరక ఆరోగ్యం మీద డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. తుపాకీ భద్రత మీద శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కావాలి. వయసు 21 నిండాలి.

ప్రాణభయం అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. ఎప్పుడు, ఎవరి నుంచి, ఏ రకమైన బెదిరింపు వచ్చిందో రాయండి. ఫిర్యాదు నకలు, ఎఫ్ఐఆర్ ఉంటే దాని నంబరు, వ్యాపారంలో నగదు ఎంత తిరుగుతుందో చూపే బ్యాంకు కాగితాలు, జీఎస్టీ రిటర్నులు జత చేయండి. విచారణకు వచ్చిన ఎస్సైకి మీ రాకపోకల దారి, వేళలు చెప్పండి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని 1959 ఆయుధాల చట్టంలోని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. చిన్న వ్యాపారులు ఇది తెలియక ముందే వెనక్కి తగ్గుతున్నారు. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకుల కంటే ఎక్కువ ఉండకూడదు. లైసెన్స్ గడువు ఐదేళ్లు. లైసెన్స్ లేకుండా నాటు రివాల్వర్ దాచుకుంటే కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా జైలు. దొంగ సరుకు చవకగా ఇప్పిస్తాననేవాడు ఎంత దగ్గరివాడైనా సరే, ఆ వైపు చూడొద్దు.

మన పల్లెల్లో ఇంకో దారి కూడా ఉంది. తాతదో, నాన్నదో లైసెన్స్ తుపాకీ వారసత్వంగా వస్తుంది. లైసెన్స్‌దారు చనిపోతేనే కాదు, ఆయనకు 70 ఏళ్లు దాటినా, 25 ఏళ్లుగా తుపాకీ ఆయన దగ్గర ఉన్నా, బతికుండగానే చట్టబద్ధ వారసుడి పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టొచ్చు. అసలైన హామర్‌లెస్ రివాల్వర్ మన దగ్గర ఎవరి చేతికైనా వస్తే, ఎక్కువగా ఈ దారిలోనే వస్తుంది.

పాత హామర్‌లెస్ చేతికి వస్తే

బీరువా అడుగున గుడ్డలో చుట్టి పెట్టిన పాత స్మిత్ అండ్ వెసన్ గానీ వెబ్లీ గానీ తీస్తే ముందు గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పండి. వేలు ట్రిగ్గర్ మీద పడకూడదు. సిలిండర్ తెరిచి, తూటా పట్టే ప్రతి గదిలోకీ కంటితో చూడండి, తర్వాత చిటికెన వేలితో తడిమి చూడండి. ఖాళీ అని తేలాకే మిగతా పని.

ఇక్కడ చాలామంది తప్పిపోయే చోటు ఒకటుంది. పాత జేబు రివాల్వర్లు చాలావాటి మీద .32 అని ఉంటుంది. మన ఫ్యాక్టరీల తూటా మీదా .32 అనే ఉంటుంది. రెండూ ఒకటి కావు. ఆ పాతవి .32 స్మిత్ అండ్ వెసన్ పొట్టి తూటా కోసం చేసినవి. ఇప్పుడు దొరికేది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. ఇది 1896లో వచ్చింది, పొడవు ఎక్కువ, ఒత్తిడీ ఎక్కువ. పాత పొట్టి గదిలో లాంగ్ తూటా పట్టదు. అరిగిన తుపాకీలో బలవంతంగా ఎక్కించే ప్రయత్నం చేస్తే ప్రమాదం. ఏ తూటాకి చేసిందో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర తేల్చుకునే దాకా ఆ రివాల్వర్‌ను జ్ఞాపకంగానే దాచుకోండి.

తూటా సరిపోయిందనుకుందాం. ఖాళీ రివాల్వర్‌లో ట్రిగ్గర్‌ను పూర్తిగా లాగి అలాగే పట్టుకుని, సిలిండర్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. గట్టిగా నిలబడాలి. వదులుగా ఆడితే తూటా గొట్టం మధ్యలోకి రాదు, అంచుకు తగిలి సీసం ముక్కలు పక్కకి చిమ్ముతాయి. పై నుంచి తెరుచుకునే వాటిలో గొళ్లెం బిగువు చూడాలి. గొట్టంలోకి టార్చి వేసి చూస్తే తుప్పు గుంటలు కనిపిస్తాయి. సందేహం ఉంటే అది కాల్చే తుపాకీ కాదు. .22 నిడర్ లాంటివాటిని మాత్రం ఖాళీగా టకటకలాడించొద్దు. ఆ రకం తూటాకు దెబ్బ అంచు మీద పడుతుంది కాబట్టి, గది ఖాళీగా ఉంటే సూది నేరుగా లోహాన్ని కొట్టి పాడవుతుంది.

పాత రివాల్వర్లలో చాలావాటికి కిందపడితే పేలకుండా ఆపే ఏర్పాటు ఉండదు. హామర్ కింది గది ఖాళీగా వదిలి, మిగతావాటిలోనే తూటాలు పెట్టండి. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ లాగగానే తర్వాతి గది వచ్చి నిలబడుతుంది కాబట్టి నష్టం లేదు.

ఎక్కడ పెట్టుకోవాలి

బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) ఒంటికి కట్టుకోవాలి, లేదా అందుకు తగిన సంచిలో పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. 2016 నియమాలు చెప్పేది ఇదే. నడుముకు కట్టి పిడి కనపడేలా లాల్చీ ఎగదోసి ఫంక్షన్ హాల్లో తిరగడం నియమానికి విరుద్ధం. పెళ్లిలో సరదాకి గాల్లోకి పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. 2019 సవరణలో చేర్చిన శిక్ష అది.

జేబులో పెట్టుకుంటే ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి తొడుగు ఉండాలి. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు, తాళంచెవి కూడా. ట్రిగ్గర్ సందులోకి తాళంచెవి దూరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. బయటి హామర్ ఉన్న నిర్భీక్, ప్రబల్ లాంటివి తీసేటప్పుడు బొటనవేలు హామర్ మీద ఆనించి పైకి లాగండి. అప్పుడు కొక్కెం గుడ్డకు తగులుకోదు. తిరిగి పెట్టేటప్పుడూ బొటనవేలు అక్కడే ఉంచండి. గుడ్డ ఏదైనా ట్రిగ్గర్‌కు తగిలి హామర్ లేవబోతే వేలికి తెలిసిపోతుంది. నడుము హోల్‌స్టర్‌కు గట్టి బెల్టు కావాలి. పంచె కట్టే పెద్దమనుషులకు జేబూ నడుమూ రెండూ కుదరవు. భుజానికి తగిలించుకునే చిన్న సంచే మేలు, అదీ ఒళ్లోనే ఉండాలి.

స్కూటర్ మీద వెళ్లేవాళ్లు కూర్చున్నప్పుడు ముందు జేబు ఎలా బిగుస్తుందో ఖాళీ రివాల్వర్‌తో ఇంట్లో చూసుకోండి. డిక్కీలో మాత్రం ఎప్పుడూ వదలొద్దు. బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగి వచ్చేలోపు బండే పోవచ్చు. ఆడవాళ్లు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. గొలుసులు, బ్యాగులు లాక్కుపోయే దొంగలున్న ఊళ్లలో అది తుపాకీని వాళ్ల చేతికి ఇచ్చినట్టే. చుడీదార్ మీద నడుము చుట్టూ కట్టుకునే వెడల్పాటి బెల్టు హోల్‌స్టర్లు ఉంటాయి, వాటితో అలవాటు చేసుకోవాలి.

ఎక్కడికి తీసుకెళ్లకూడదో ఇంట్లోంచి బయలుదేరకముందే ఆలోచించండి. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి, కోర్టుకి, బడికి, మందు తాగే చోటికి తుపాకీతో వెళ్లొద్దు. గన్నవరం నుంచి విమానం ఎక్కితే అది మీతో క్యాబిన్‌లోకి రాదు. ముందే ఎయిర్‌లైన్స్‌కు చెప్పి, ఖాళీ చేసి, లైసెన్స్ చూపించి చెకిన్ లగేజీలో పంపాలి. మీ లైసెన్స్ జిల్లాకో, రాష్ట్రానికో పరిమితమైతే ఆ హద్దు దాటకూడదు. హైదరాబాద్ రాష్ట్రం దాటినట్టే లెక్క. ఉమ్మడి రాష్ట్రం నాటి అలవాటుతో పెద్దవాళ్లు ఇది మర్చిపోతుంటారు.

సాధన

రేంజిలో, శిక్షకుడి కళ్ల ముందే కాల్చడం నేర్చుకోండి. ఇంటి వెనక మామిడితోటలో కాదు. పొట్టి గొట్టం రివాల్వర్‌కు ముందు చూపు, వెనక చూపు (గురి చూసే గుర్తులు) మధ్య దూరం చాలా తక్కువ, చిన్న వణుకు కూడా దూరంలో పెద్ద తేడా అవుతుంది. మూడు మీటర్ల నుంచి మొదలుపెట్టి ఏడు మీటర్ల దాకా వెళ్తే చాలు. ఈ రకం ఆయుధం పనికొచ్చేది అంత దగ్గరలోనే.

పిడిని ఎంత పైకి పట్టుకోగలిగితే అంత పైకి పట్టుకోండి. రెండో చెయ్యి మొదటి చేతిని చుట్టాలి. ఏ వేలూ సిలిండర్ ముందు అంచుకు రాకూడదు. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి వాయువు కత్తిలా చిమ్ముతుంది. ట్రిగ్గర్‌ను ఒకే వేగంతో, మధ్యలో ఆగకుండా లాగాలి. ఆగి ఆగి లాగితే గురి చెదురుతుంది. ఇంట్లో డమ్మీ తూటాలతో ట్రిగ్గర్ సాధన చేయొచ్చు. ముందు చూపు మీద ఒక రూపాయి బిళ్ల నిలబెట్టి అది పడకుండా ట్రిగ్గర్ లాగగలిగితే మీ చెయ్యి కుదురుకుంటోందన్నమాట. ఆ సమయంలో నిజం తూటాలు ఆ గదిలో కూడా ఉండకూడదు.

తూటా నింపడం కూడా సాధన చేయాలి. ప్రబల్ లాంటివాటిలో ఖాళీ కేసులు తీసేటప్పుడు గొట్టం ఆకాశం వైపు పెట్టి ఎజెక్టర్ కడ్డీని ఒక్క దెబ్బతో గట్టిగా కొట్టండి. మెల్లగా నొక్కితే కేసు సగంలో ఇరుక్కుంటుంది. తూటా పేలకపోతే రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతిది వస్తుంది. కానీ రేంజిలో సాధన చేస్తూ పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. ప్రాణం పోతుందనో, తీవ్రగాయం తప్పదనో సహేతుకమైన భయం ఉన్నప్పుడు, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి లాంటివాటిని ఎదుర్కొన్నప్పుడు అవతలివాడి ప్రాణం తీసేంత వరకు కూడా హక్కు వెళ్తుందని 38వ సెక్షన్ చెబుతుంది. ఆస్తి విషయంలో 41వ సెక్షన్ దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టడం లాంటివాటినే ఆ స్థాయికి తీసుకెళ్తుంది. 37వ సెక్షన్ మాత్రం మరవొద్దు: అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల్ని ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కే ఉండదు. దొంగ సంచి పడేసి పారిపోతుంటే వెనక నుంచి కాలిస్తే ఈ సెక్షన్లు మిమ్మల్ని కాపాడవు.

డబ్బు అడిగితే ఇచ్చేయండి. ఎంత పెద్ద మొత్తమైనా సరే. సంచిలో ఉన్నది మళ్లీ సంపాదించుకోవచ్చు. ఒక్కసారి కాలిస్తే ఆ కేసు ఎన్నేళ్లు నడుస్తుందో చెప్పలేం, పక్కనున్నవాళ్లకు తగిలితే దానికి మందే లేదు. బీసెంట్ రోడ్డు సాయంత్రం జనంలో .32 తూటా ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. కాల్చక తప్పని పరిస్థితి వస్తే, ప్రమాదం దాటగానే 112కి ఫోన్ చేయండి, గాయపడ్డవాళ్లకు 108 పిలవండి, అవతలివాడైనా సరే. తుపాకీని కింద పెట్టి పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉండండి. ఖాళీ కేసులు ఏరొద్దు, ఏదీ కదపొద్దు. జరిగింది చెప్పండి, వివరమైన వాంగ్మూలం లాయర్ వచ్చాక ఇవ్వండి.

ఇల్లు, చెమట, కాగితాలు

మన కోస్తా ఉక్కలో ఒంటికి ఆనించిన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. వేసవిలో రోజూ రాత్రి తుపాకీని ఖాళీ చేసి, పొడిగుడ్డతో చెమట తుడిచి, సన్నటి పొరలా గన్ ఆయిల్ పూయండి. కొబ్బరినూనె వాడొద్దు, అది పేరుకుపోయి జిగురుగా మారుతుంది. నూనె ఎక్కువైతే తూటా లోపలికి దిగి మందును పాడుచేస్తుంది. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి బీరువాలో నిల్వ చేయొద్దు, తోలు తడిని పట్టి ఉంచుతుంది. జేబులో నెలల తరబడి మోసిన తూటాలను రేంజిలో కాల్చేసి కొత్తవి పెట్టుకోండి.

ఇంట్లో గోడకు బిగించిన లాకర్ ఉండాలి, తూటాలు వేరే అరలో. తాళం మీ దగ్గరే. పిల్లలకు చెప్పి భయపెట్టడం మీద ఆధారపడొద్దు. వేసవి సెలవులకు వచ్చిన మేనల్లుళ్లకు మీ భయం తెలియదు.

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్స్ తుపాకులు డిపాజిట్ చేయమని ఆదేశాలు వస్తాయి. 2024 ఎన్నికల ముందూ వచ్చాయి. పోలీస్ స్టేషన్లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించి, తుపాకీ నంబరు, తూటాల లెక్క రాసిన రసీదు తప్పకుండా తీసుకోండి. తుపాకీ పోతే ఆ రోజే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. లైసెన్స్ గడువు తీరే తేదీని ఫోన్‌లో పెట్టుకుని రెండు నెలల ముందే రెన్యువల్ దరఖాస్తు వేయండి. గడువు దాటిన లైసెన్స్‌తో జేబులో ఉన్న రివాల్వర్ చట్టం దృష్టిలో లైసెన్స్ లేని రివాల్వరే.